పాత ఇండోర్ రోలర్ కోస్టర్‌కు పూర్తి మరమ్మతు: నెల్లూరు, ప్రకాశం తీరానికి తగ్గ పద్ధతి

పాత కోస్టర్‌ను బాగుచేయించాలనుకోగానే మన దగ్గర మొదట పిలిచేది పెయింటర్‌ని. ఈ వరస మారాలి. పగులు మీద రంగు వేస్తే పగులు పోదు, కనబడకుండా పెరుగుతుంది. ముందు విప్పాలి, కడగాలి, కొలవాలి, మార్చాల్సినవి మార్చాలి. రంగు అన్నిటికన్నా చివరి పని.

ఇక్కడ చెప్పేదంతా రేకుల షెడ్డులో నడిచే చిన్న, మధ్యరకం ఫ్యామిలీ కోస్టర్ గురించి: స్టీలు పైపుల ట్రాక్, చైన్ లిఫ్ట్ (ట్రైన్‌ను ఎత్తుకు లాగే గొలుసు), ఒకే ట్రైన్, గాలితో పనిచేసే బ్రేకులు. తయారీదారు మాన్యువల్ ఉంటే అందులోని అంకెలనే పాటించండి. మాన్యువల్ పోయి ఉంటే, ఐఎస్‌ఓ 17842 ప్రమాణం తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు పెట్టేదే మొదటి ఖర్చు కావాలి. ఆ ప్రమాణంలో మూడు భాగాలున్నాయి: డిజైను, తయారీ ఒకటి, నడపడం, మెయింటెనెన్స్ రెండోది, తనిఖీ మూడోది. మీకు రోజూ పనికొచ్చేవి చివరి రెండూ.

ఎప్పుడు మూయాలి

బడులు తెరిచే జూన్ రెండో వారంలో మూసి, దసరా సెలవులకు తెరిచేలా చూసుకోండి. రద్దీ తగ్గుతుందనేది ఒక కారణం. రెండోది రంగు పని. జూన్, జులైల్లో పడమటి గాలి వీచే పూట గాలిలో తేమ తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. అప్పుడు బ్లాస్టింగ్ చేసిన (ఒత్తిడి గాలితో గరుకు రేణువులు కొట్టి తుప్పు తీసిన) స్టీలు సాయంత్రానికే ఎర్రబారుతుంది.

లోపల ఉన్న కోస్టర్‌కు తుప్పు భయం లేదనుకోవడం పొరపాటు. బయట ఉన్న ఇనుము మీది ఉప్పును వాన కడిగేస్తుంది. షెడ్డు లోపల కడిగేవాళ్లుండరు. మైపాడు వైపు నుంచో, కొత్తపట్నం వైపు నుంచో వచ్చే సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు దుమ్ముతో కలిసి పైపుల వీపు మీద పేరుకుపోతుంది. తెల్లవారుజామున రేకుల కింద పట్టే చెమ్మ దాన్ని తడుపుతుంది. అందుకే ట్రాక్ అడుగుభాగం బాగున్నా పైభాగం, బేస్ ప్లేట్ల మూలలు, బోల్టుల కింద సందులు తినేసి ఉంటాయి. చూడటం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పనికి ముందు మెయిన్ స్విచ్‌కు తాళం వేయాలి. ఆ తాళంచెవి ట్రాక్ ఎక్కిన మనిషి జేబులోనే ఉండాలి. ట్రైన్‌కు చెక్క దిమ్మెలు పెట్టాలి. కంప్రెసర్ ట్యాంకులో గాలి పూర్తిగా వదిలేయాలి.

ట్రాక్, స్తంభాలు

ముందు మంచినీళ్లతో ప్రెషర్ వాష్ చేయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ట్యాంకరు నీళ్లు తెప్పించుకోవాల్సిందే, లేకపోతే ఒక ఉప్పు తీసి ఇంకొకటి పూసినట్టు. ఆరాక ప్రతి మీటరుకూ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మూడు కొలతలు ఒక నోటుపుస్తకంలో రాయండి: రెండు పట్టాల మధ్య దూరం, అల్ట్రాసోనిక్ గేజితో పైపు మందం (పైన, పక్కన, కింద), చక్రం నడిచే చోట అరుగుదల. మందం అసలు కొలతలో 10 శాతం కన్నా ఎక్కువ తగ్గిన ఏ ముక్కనైనా ఇంజనీరుకు చూపకుండా వదలొద్దు. పైపును సుత్తితో తడితే మొద్దుగా మోగినచోట లోపల నీళ్లో తుప్పు పొట్టో ఉండే అవకాశం ఎక్కువ.

స్తంభాల కాళ్ల దగ్గర గ్రౌట్ (బేస్ ప్లేటు కింద నింపే సిమెంటు మిశ్రమం) పగిలి ఉంటే పైపైన సిమెంటు పూయించొద్దు. పాతదంతా పగలగొట్టి, యాంకర్ బోల్టు మొదలు బయటపెట్టి చూడండి. నట్టు కింద బాగానే ఉండి, గ్రౌట్ లోపల మెడ సన్నబడిన బోల్టులు తీరప్రాంతంలో మామూలు. ఆ తర్వాత నాన్-ష్రింక్ (ఆరినా కుంచించుకోని) గ్రౌట్ పోయండి.

పగుళ్ల కోసం డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాలి. చూడాల్సినవి ట్రాక్ టైలు (పట్టాలను కలిపే అడ్డ కడ్డీలు) పట్టాను కలిసే వెల్డులు, లిఫ్ట్ పైభాగం, మలుపుల్లో స్తంభం తలలు, ట్రైన్ చాసిస్, చక్రాల బ్రాకెట్లు, కార్ల మధ్య కొక్కేలు. పద్ధతి ఇలా:

1. వెల్డు మీద, చుట్టూ 25 మి.మీ. వరకు రంగు తీసేయాలి. గ్రైండర్‌తో గట్టిగా రుద్దితే లోహం సాగి పగులు నోరు మూసుకుంటుంది. పెయింట్ రిమూవర్ మేలు.
2. క్లీనర్‌తో తుడిచి ఆరనిచ్చి, ఎర్ర పెనెట్రెంట్ కొట్టి కనీసం 10 నిమిషాలు ఉంచాలి.
3. పొడిబట్టతో తుడిచి, తర్వాత క్లీనర్ చల్లిన బట్టతో తుడవాలి. క్లీనర్‌ను నేరుగా వెల్డు మీద కొడితే పగుల్లో దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది.
4. తెల్ల డెవలపర్ పలుచగా కొట్టి, 10 నిమిషాలు ఆగి చూడాలి. సన్నటి ఎర్ర గీత కనబడితే అది పగులే.

ఈ పరీక్ష స్టీలు సుమారు 50 డిగ్రీలు దాటితే నమ్మదగ్గది కాదు. మన మే, జూన్ ఎండల్లో రేకుల కింద ఇనుము మధ్యాహ్నానికి ఆ వేడికి చేరుతుంది. ఉదయం పది గంటలలోపే ముగించండి. ఇలాంటి పరీక్షల్లో లెవెల్-2 అర్హత ఉన్న టెక్నీషియన్లను చెన్నై నుంచి పిలిపించడం తేలిక. నెల్లూరు నుంచి దూరం 175 కి.మీ. మాత్రమే, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

పగులు దొరికితే

పగులు మీద పట్టీ వేసి చుట్టూ వెల్డింగ్ చేయడం అన్నిటికన్నా చెడ్డ మరమ్మతు. లోపలి పగులు అలాగే ఉంటుంది, పట్టీ అంచుల్లో ఇంకో పగులు పుడుతుంది. ఇంజనీరు రాసిచ్చిన పద్ధతి ప్రకారం పగులును చివరిదాకా తవ్వేయాలి. తవ్విన గాడిలో మళ్లీ పెనెట్రెంట్ కొట్టి పగులు మొత్తం పోయిందని తేలాకే నింపాలి. గేట్లు, గ్రిల్స్ చేసే చోట వాడే 6013 రాడ్లు ఇక్కడ పనికిరావు. తక్కువ హైడ్రోజన్ ఉండే 7018 రాడ్లు కావాలి. అవి తేమను పీల్చుకుంటాయి కాబట్టి 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో కాల్చి, వాడేదాకా వేడి డబ్బాలోనే ఉంచాలి. ప్యాకెట్ చింపి రాత్రంతా షెడ్డులో వదిలేసిన రాడ్లతో వేసిన వెల్డు ఆ రోజు బాగానే కనబడుతుంది, పగులు మర్నాడు వస్తుంది. అందుకే చివరి తనిఖీ వెల్డు చల్లారిన వెంటనే కాక, 48 గంటల తర్వాత చేయాలి.

చక్రాలు, బేరింగులు

ఒక్కో చక్రాల సెట్‌లో మూడు రకాలు: బరువు మోసేవి పైన, పక్కకు జరగకుండా ఆపేవి పక్కన, ట్రాక్ నుంచి లేవకుండా పట్టేవి కింద. కింది చక్రాలు తక్కువ తిరుగుతాయని వాటిని చూడకుండా వదిలేస్తారు. ట్రైన్ ఎగిరిపోకుండా ఆపేవి అవే.

పాలీయురిథేన్ తొడుగు మీద గోరుతో నొక్కి చూడండి. పగుళ్లు, జిగురుతనం, హబ్ (చక్రం మధ్యనుండే లోహపు భాగం) అంచు దగ్గర చిన్న ఎడం, వీటిలో ఏది ఉన్నా చక్రం మార్చాలి. కొత్త తొడుగు పోయించేటప్పుడు గట్టిదనం (చాలా కోస్టర్లలో షోర్ ఏ 90–95) అసలు చక్రంతో సరిపోవాలి. పాలీఈథర్ రకం అడగండి, పాలియెస్టర్ రకం వేడీ తేమా కలిసినచోట త్వరగా పాడవుతుంది. హబ్‌ను బ్లాస్ట్ చేసి, బాండింగ్ ఏజెంట్ పూసి, పోశాక ఓవెన్‌లో పూర్తిగా పండనిచ్చారా అని రాతపూర్వకంగా తీసుకోండి. తొందరపడి తీసిన చక్రం తొడుగు హబ్ నుంచి చర్మంలా ఊడి వస్తుంది.

ఇక లేత్ దగ్గర ఎక్కువగా జరిగే తప్పు. కోస్టర్ చక్రంలో ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. అంటే బేరింగు బయటి రింగు హబ్‌లో బిగుతుగా ఉండాలి, లోపలి రింగు ఇరుసు మీద చేత్తో జారాలి. మోటారు షాఫ్టులు చేసే అలవాటులో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అప్పుడు బయటి రింగు హబ్‌లో పాకుతూ బోరును (హబ్ రంధ్రాన్ని) తినేస్తుంది. 6205 బేరింగుకు (25 × 52 × 15 మి.మీ.) హబ్ బోరు 51.96 నుంచి 51.99 మి.మీ. మధ్య, ఇరుసు 24.98 నుంచి 24.99 మి.మీ. మధ్య ఉండేలా చేయించండి. కాలిపర్‌తో కాదు, మైక్రోమీటర్‌తో, బోర్ గేజితో కొలిచి తీసుకోండి. బేరింగు సీ3 క్లియరెన్స్‌ది (లోపలి సందు మామూలు కన్నా ఎక్కువ ఉన్నది), రెండువైపులా రబ్బరు సీలుది కావాలి. హబ్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రెస్ బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే గోళీల దారిలో గుంటలు పడతాయి, ఆ శబ్దం వారంలో వినబడుతుంది. నకిలీ బేరింగులు మార్కెట్లో చాలా ఉన్నాయి కాబట్టి అధీకృత డీలరు బిల్లు లేకుండా కొనొద్దు.

ఇరుసులను అన్నీ విప్పి మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతం, ఇనుప పొడితో పగుళ్లు చూపేది) చేయించండి. ముఖ్యంగా అడ్డకొలత మారే మెట్టు దగ్గర. కొత్తది చేయిస్తే ఆ మెట్టును పదునుగా కాక గుండ్రంగా తిప్పించాలి. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగుతో వదులుకాకుండా పట్టేవి), కాటర్ పిన్నులు ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దు. 10.9 గ్రేడు బోల్టులూ అంతే.

లిఫ్ట్, బ్రేకులు, ల్యాప్ బార్లు

చైన్‌ను బిగుతుగా లాగి ఉంచి మూడు చోట్ల కొలవండి. పిచ్ 50.8 మి.మీ. అయితే 20 లింకులు కొత్తప్పుడు 1016 మి.మీ. ఉంటాయి. 1036 దాటితే, అంటే 2 శాతం సాగితే, చైన్ మార్చాలి. స్ప్రాకెట్లు కూడా దాంతోపాటే, ఎందుకంటే అరిగిన పళ్లు కొత్త చైన్‌ను కొన్నాళ్లలోనే సాగదీస్తాయి. వెనక్కి జారకుండా ఆపే పంటి మెట్లనూ, ట్రైన్ కింద ఉండే కొక్కేన్నీ విడిగా చూడాలి. కొక్కెం మూల గుండ్రబడితే మార్చడమే, వెల్డింగ్ పోసి గ్రైండ్ చేయడం వద్దు.

బ్రేకు స్ప్రింగుతో మూసుకోవాలి, గాలితో తెరుచుకోవాలి. పాత కోస్టర్లలో ఎవరో మధ్యలో సిలిండర్ మార్చి దీన్ని తిరగేసి ఉండొచ్చు. అందుకే చూసి ఊరుకోకుండా గాలి పైపు ఊడదీసి పరీక్షించండి. బ్రేకు అక్కడికక్కడే పట్టాలి. మన తేమకు కంప్రెసర్ ట్యాంకులో రోజూ నీళ్లు చేరతాయి. డ్రెయిన్ కాక్ రోజూ తిప్పకపోతే ఆ నీళ్లు వాల్వుల్లోకి వెళ్లి బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

ల్యాప్ బార్‌ను (ఒడి మీదికి దిగి మనిషిని పట్టి ఉంచే కడ్డీని) ప్రతి పంటి దగ్గరా ఆపి పైకి లాగి చూడాలి. పావల్ (పంటిలో పడి బార్‌ను ఆపే నాలుక) స్ప్రింగులు ఖరీదైనవి కావు, అన్నీ కొత్తవి వేసేయండి. పివట్ బుష్‌లో ఆట ఉంటే బార్ మూసినట్టు కనబడినా పన్ను సగమే పట్టి ఉంటుంది.

కరెంటు

పాత పీఎల్‌సీలో (రైడ్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌లో) ప్రోగ్రామ్ బ్యాటరీ మీద నిలిచే రకమైతే, మొదటి పని ప్రోగ్రామ్ కాపీ తీసుకోవడం. మాన్యువల్ అనుమతిస్తే బ్యాటరీని కరెంటు ఉండగానే మార్చండి. అయిపోయిన బ్యాటరీతో మెయిన్ ఆపితే ప్రోగ్రామ్ చెరిగిపోవచ్చు. మోటారు వైర్లను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) చూసేముందు వీఎఫ్‌డీని (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌ను) విడదీయాలి, లేకపోతే డ్రైవ్ కాలిపోతుంది. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ వైరు పని అయిపోయినట్టే. ఎమర్జెన్సీ స్టాప్ పీఎల్‌సీ ఇన్‌పుట్ మీద మాత్రమే ఆధారపడకూడదు. సేఫ్టీ రిలే ద్వారా నేరుగా కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్) తెరుచుకుని కరెంటు ఆగాలి. ఏ బటన్ వైరు తెగినా రైడ్ ఆగాలి.

అలంకరణ, నిప్పు

ఇండోర్ కోస్టర్ అంటే చీకటి, గుహలు, నల్లగుడ్డ, థర్మోకోల్ రాళ్లు. ఆ షెడ్డులోనే మీరు వెల్డింగ్ పెట్టించబోతున్నారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో రేకుల షెడ్డులోని ఆటల కేంద్రంలో మంటలు లేచి పాతికమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. అప్పుడు అక్కడ వెల్డింగ్ పని జరుగుతోంది. కాబట్టి వెల్డింగ్ మొదలయ్యే ముందు థర్మోకోల్, ఫోమ్, గుడ్డ మొత్తం బయటికి వెళ్లాలి. నిప్పు కనిపెట్టుకుని ఒక మనిషి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబడాలి, పని ఆగాక గంటసేపు కూడా. తిరిగి పెట్టేటప్పుడు థర్మోకోల్ పెట్టొద్దు. మంట అంటుకోని రకం గుడ్డకు సర్టిఫికెట్ తీసుకోండి. ట్రాక్ పక్కన నడిచే దారిలో బ్యాటరీ లైట్లు పెట్టండి, ట్రైన్ మధ్యలో ఆగితే చీకట్లో పిల్లల్ని దింపాల్సింది ఆ దారిలోనే.

రంగు

బ్లాస్టింగ్‌కు చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక చేతికందేలా చౌకగా దొరుకుతుంది. వాడొద్దు. ఆ దుమ్ము పీల్చిన కూలీకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి మందు లేదు. మూసిన షెడ్డులో ఇది ఇంకా ప్రమాదం. గార్నెట్ (గట్టి ఖనిజపు రేణువులు) తెప్పించుకోండి, అప్పుడు కూడా గాలి అందే హుడ్ తప్పదు. ఉపరితలం ఎస్ఏ 2½ స్థాయికి (తుప్పు, పాత రంగు దాదాపు పూర్తిగా పోయేదాకా) రావాలి. గాలిలో తేమ 85 శాతం లోపు, స్టీలు వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉన్నప్పుడే కొట్టాలి. జింక్ ఎపాక్సీ ప్రైమర్ 60 నుంచి 75 మైక్రాన్లు, ఎపాక్సీ రెండో కోటు 100 నుంచి 125, పైన పాలీయురిథేన్ 50. చక్రాలు నడిచే ముఖానికి మాత్రం మందపు రంగు వద్దు. అది పొరలుగా లేచి తొడుగులకు అంటుకుంటుంది.

నడిపి చూడటం

మొదటి రౌండు చేత్తో నెట్టి. ముందు కారు మీద పీవీసీ పైపులతో చట్రం కట్టండి. మీలో పొడవైన మనిషిని కూర్చోబెట్టి, చేతులు పైకీ పక్కకీ చాపిస్తే ఎంతదూరం వస్తాయో అంతకు 15 సెం.మీ. కలిపి చేయండి. ఆ చట్రానికి ఏ రాయి, ఏ బొమ్మ తగిలినా అది వెనక్కి జరగాలి.

తర్వాత ఖాళీగా, ఆపై ఒక్కో సీటుకు 75 కిలోల ఇసుక బస్తా కట్టి సగం సీట్లతో, ఒకే పక్క సీట్లతో, చివరికి అన్నిటితో నడపండి. నిండు బరువుతో ఉండగా లిఫ్ట్ మధ్యలో కరెంటు ఆపాలి. ట్రైన్ ఒక పన్ను కన్నా ఎక్కువ వెనక్కి జారకూడదు. కొత్త చక్రాలు, కొత్త గ్రీజు ఉన్నప్పుడు ట్రైన్ నెమ్మదిగా వెళ్లి గుంతలో ఆగిపోయే అవకాశం ఉంది. ఖాళీ ట్రైన్‌తో, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఇది ముందు బయటపడుతుంది, కాబట్టి ఆ వేళ కూడా నడిపి చూడండి. ప్రతి పది రౌండ్లకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో అన్ని హబ్‌లూ చూడండి. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా వేడిగా ఉంటే దాన్ని విప్పాలి.

లిఫ్ట్ దిగిన సెన్సర్ నుంచి బ్రేకు ముందు సెన్సర్‌కు ట్రైన్ చేరే సమయాన్ని ఖాళీగా, నిండుగా రాసుకుని ఆపరేటర్ బల్ల దగ్గర అంటించండి. రోజూ మొదటి ఖాళీ రౌండులో ఆ సమయం చూసుకోవాలి. పెరుగుతూ పోతే బేరింగులు, పక్క చక్రాల బిగింపు చూడండి. తెరిచిన వారానికీ, మళ్లీ నెలకూ అన్ని బోల్టులను టార్క్ రెంచితో సరిచూసి, నట్టు నుంచి ప్లేటు మీదికి పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. గీత తెగి కనబడిన నట్టును ఆ పూట బిగించి వదిలేయకుండా, ఎందుకు కదిలిందో తేలేదాకా ట్రైన్‌ను స్టేషన్‌లోనే ఉంచండి.