తుపాను రాకముందే రౌటర్ లాగులు సర్దుకోండి

అక్టోబరు, నవంబరు వచ్చిందంటే కోనసీమలో నెట్ నడిపేవాళ్లందరూ జెనరేటర్‌కి డీజిలు, తెగిన ఫైబరు అతికే స్ప్లైసింగ్ మిషన్‌కి ఛార్జింగు, స్పేరు ఫైబరు చుట్టలు చూసుకుంటారు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. రౌటర్ లాగింగ్, అంటే రౌటర్‌లో ఎప్పుడేం జరిగిందో లైను లైనుగా రాసిపెట్టించుకోవడం మాత్రం ఎవరికీ గుర్తు రాదండి. తీరా గాలి తగ్గి, అమలాపురం నుంచి రాజోలు దాకా ఫోన్ల మీద ఫోన్లు మొదలయ్యాక, కొబ్బరిచెట్టు పడి లైను తెగిందా, అవతల కరెంటు పోయిందా, మన రౌటరే రీస్టార్ట్ అయిందా అని లాగ్ తెరిస్తే ఏమీ ఉండదు. సిస్కో రౌటర్ అయినా మైక్రోటిక్ రౌటర్ అయినా మామూలుగా లాగులు ర్యామ్‌లోనే ఉంటాయి, కరెంటుతో పాటే పోతాయి.

అందుకని లాగుల్ని బయటికి పంపాలి. ఎక్కడికి అన్నదే అసలు సంగతి. చాలామంది హైదరాబాద్‌లోనో క్లౌడ్‌లోనో ఉన్న సర్వర్ అడ్రస్ ఇచ్చేసి నిశ్చింతగా ఉంటారు, కానీ మనల్ని బయటి నెట్‌కి కలిపే అప్‌లింకు తెగిన నిమిషం నుంచి ఒక్క లైను కూడా అక్కడికి చేరదు, మనకి కావాల్సినవేమో ఆ లైన్లే. లాగులు పంపే పద్ధతి సిస్‌లాగ్, అది ఎక్కువగా యూడీపీ పోర్టు 514 మీద పోతుంది, యూడీపీ అందిందో లేదో చూసుకోదు, మళ్లీ పంపదు. కాబట్టి ఒక కాపీ ఆఫీసులోనే, రౌటర్ ఉన్న స్విచ్‌కే తగిలించిన మిషన్‌లో పడాలి. బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్, లాగులు అందుకుని దాచే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్ వేస్తే చాలు. ఆ స్విచ్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టండి, లేకపోతే ఇదంతా దండగ. 514 పోర్టుని ఇంటర్నెట్ వైపు తెరవొద్దు.

ఎంత చిన్న సంగతి దాకా లాగ్‌లో రాయాలో చెప్పే లెవెల్ దగ్గర పిసినారితనం వద్దు. 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది. డిస్కు నిండుతుందని కొందరు వార్నింగ్ దగ్గర, అంటే 4 దగ్గర ఆపేస్తారు. సిస్కోలో పోర్టు పడిపోయిందని చెప్పే 'లింక్-3-అప్‌డౌన్' దాంట్లో వస్తుంది, కానీ రౌటర్ రీస్టార్ట్ అయిందని చెప్పే 'సిస్-5-రీస్టార్ట్' రాదు! 6 పెట్టండి, అంటే ఇన్ఫర్మేషనల్. 7 డీబగ్, అంటే ప్రతి చిన్న సంగతీ రాసేది, దాన్ని ముట్టుకోకండి, రౌటర్‌కి నేరుగా తగిలించే కన్సోల్ మీదకి అసలే వదలకండి, రౌటర్ ఊపిరాడక చస్తుంది. లైన్లకి సీక్వెన్స్ (వరస) నంబర్లు కూడా ఆన్ చేస్తే మధ్యలో లైన్లు తప్పిపోయాయో లేదో తెలిసిపోతుంది.

ఇక టైము. సగం కేసులు ఇక్కడే చెడతాయి. ఒక రౌటర్ ప్రపంచ ప్రామాణిక టైమైన యూటీసీలో, ఇంకోటి మన టైములో ఉంటే రాత్రి రెండింటికి తెగిన లైను ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి తెగినట్టు కనిపిస్తుంది. టైమ్‌జోన్ +5:30 పెట్టి, నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునే ఎన్‌టీపీ ఇవ్వండి. లోపల గడియారానికి బ్యాటరీ లేని చిన్న రౌటర్లు చాలానే ఉన్నాయి, కరెంటు వచ్చి నెట్ రాకపోతే అవి 1970లో ఉన్నామనుకుంటాయి పాపం. అందుకే ఆర్‌సిస్‌లాగ్‌లో రౌటర్ చెప్పిన టైముతో పాటు ల్యాప్‌టాప్‌కి అందిన టైము కూడా రాయించండి. రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కంటే పాత ల్యాప్‌టాప్ మేలనేది ఇందుకే, రాస్‌బెర్రీ పై 4 దాకా వచ్చిన మోడళ్లలో గడియారం చిప్ లేదు.

కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగులు ఎలాగూ దాచాలి కాబట్టి, పాతవి కుదించి పక్కన పెట్టేలా లాగ్‌రొటేట్ కూడా ఇప్పుడే చూసేయండి.

అన్నీ అయ్యాక ఒక ఖాళీ పోర్టుకి కేబులు పెట్టి పీకి చూడండి, ఆ సంగతి చెప్పే లాగ్ లైను ల్యాప్‌టాప్‌లో పడాలి. తర్వాత, జనం పడుకున్నాక, రౌటర్ పవర్ కూడా తీసి మళ్లీ పెట్టి చూడండి. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోయే సెట్టింగ్ ఆపేసి, దాన్ని బల్ల కింద కాకుండా పై అరలో పెట్టండి, మన దగ్గర నీళ్లు ఎంతవరకు వస్తాయో మీకు తెలియంది కాదు.