ఎండిన పులికాట్‌లో ఖాళీని ఫొటో తీయడం

పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకి ఖాళీ అంటే భయం. స్టేజీ మీద ఓ మూల జాగా కనబడితే చాలు, పిన్నిగారినో బాబాయిగారినో పిలిచి నిలబెట్టేస్తాం. అదే అలవాటున్న చేతులతో, మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేని రోజుల్లో నేను పులికాట్ సరస్సుకి వెళ్తుంటాను. అక్కడ పనికొచ్చిన పద్ధతులు చెబుతాను.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో నీళ్ళు, ఫ్లెమింగోలు, వాటిని చూడ్డానికొచ్చే కార్లు. ఎండలు ముదిరాక ఆ వైపు చాలా భాగం ఎండిపోయి, నెర్రెలిచ్చిన నేల మీద ఉప్పు తెల్లగా కనిపిస్తుంది. మనకు కావలసింది అప్పుడే. రోడ్డు చివర ఉన్నది అంతరిక్ష కేంద్రం కాబట్టి గేటు దగ్గర మాత్రం కెమెరా బయటికి తీయకండి.

ముందు వైడ్ లెన్స్ సంచిలో పెట్టేయండి. అంత పెద్ద మైదానం వైడ్‌లోనే పడుతుందనుకుంటాం గానీ, అది కాళ్ళ దగ్గరి ప్లాస్టిక్ కవరునీ పక్కనున్న కరెంటు స్తంభాన్నీ కూడా లాక్కొస్తుంది. దూరాన్ని దగ్గరికి లాగే 70-200 జూమ్ లెన్స్ పెట్టి కావలసిన ముక్క ఏరుకోండి. చిన్న ముక్కైనా అడ్డం ఏమీ లేకపోతే చాలు, ఖాళీగానే కనిపిస్తుంది. బటన్ నొక్కేముందు నాలుగు మూలలూ చూసుకోండి.

అసలేమీ లేని తెల్లటి నేలను తీస్తే చూసేవాళ్ళు గోడ అనుకుంటారు. దూరం తెలియడానికి ఏదో ఒకటుండాలి. బోర్లించిన పడవ, నేలలో పాతిన కర్ర, సైకిల్ మీద పోయే మనిషి, ఏదైనా సరే. ఒక్కటే ఉండాలి, చిన్నగా ఉండాలి. ఎంత చిన్నగా అంటే, ఫోన్‌లో చూసినా వెతక్కుండా దొరకాలి, మొహం మాత్రం తెలియకూడదు. మొహం తెలిసిందంటే అది ఆ మనిషి ఫొటో అయిపోతుంది. మనిషి ఎటు పోతుంటే అటు జాగా వదలమని అందరూ చెబుతారు. నేను వెనకవైపు వదులుతాను. మనిషి అంచు దాటి వెళ్ళిపోబోతుంటే, వెనక మిగిలిన నేల ఇంకా ఖాళీగా అనిపిస్తుంది.

నేలా ఆకాశం కలిసే గీతను మధ్యలో పెట్టకూడదనేది ఇంకో మాట. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1980లో మొదలుపెట్టిన సముద్రాల సిరీస్‌లో ఆ గీత సరిగ్గా మధ్యలోనే ఉంటుంది. పైన ఆకాశం, కింద నీళ్ళు, పడవ కూడా ఉండదు. చాలావాటిలో సన్నటి అలలే దూరం చెప్పేస్తాయి. పులికాట్‌లో ఆకాశం వెలిసిపోయిన రోజున నేను గీతను కింద అయిదో వంతుకు దించుతాను. మబ్బులు అందంగా ఉన్న రోజు ఈ పనికి పనికిరాదు. గీత కాస్త వంగినా ఖాళీ ఫ్రేములో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, స్క్రీన్ మీద అడ్డం నిలువు గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసుకోండి.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్నైనా నడిమి బూడిద రంగనే అనుకుంటుంది, అందుకే ఉప్పు మసకబారుతుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ 1 పెట్టండి. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన సూర్యుడి గుర్తు వస్తే దాన్ని పైకి జరపండి. నీళ్ళున్న చోట 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం) వేస్తే షట్టర్ తెరిచి ఉండే 1/30 సెకను కాస్తా 30 సెకన్లు దాటుతుంది, అలలు మాయమవుతాయి. నాకది పెద్దగా నచ్చదు. ఏ చెరువు తీసినా పాలసముద్రమే అవుతుంది.

ఖాళీలాగే నిశ్శబ్దాన్నీ ఫొటో తీయొచ్చు గానీ, దాని లెక్క వేరు. నేల ఎంత ఖాళీగా ఉన్నా చెవి గుర్తురాదు. చప్పుడు చేయాల్సిన వస్తువు ఊరుకుని ఉంటేనే గుర్తొస్తుంది. అందుకని వేసవి సెలవుల్లో మా వీధి చివరి బడికి వెళ్ళాను. అక్కడ గంటంటే వేపకొమ్మకు ఇనుప తీగతో వేలాడే రైలుపట్టా ముక్క. కొట్టీ కొట్టీ కింది అంచున ఒక్కచోట నున్నగా మెరుస్తోంది, మిగతాదంతా తుప్పు. కొట్టే ఇనుప కడ్డీ లేదు, హెడ్మాస్టరుగారు లోపల పెట్టి తాళం వేసినట్టున్నారు. గంటను నడిమధ్యన పెడితే కన్ను అక్కడే ఆగిపోతుంది. పై ఎడమ మూలకు నెట్టి, కింద వరండా గచ్చు మొత్తం వదిలేశాను. వెనక బ్లర్ చేయకండి. లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్8 పెడితే మూసిన తలుపుల గొళ్ళాలు కూడా తెలుస్తాయి, అవి తెలిస్తేనే సెలవులని అర్థమవుతుంది. షట్టర్ వేగం 1/250 సెకనుకి తగ్గనివ్వద్దు. ఆకులు ఊగినట్టు వచ్చాయంటే గాలి చప్పుడు వచ్చేసినట్టే.

ఇలాంటివి వాట్సాప్‌లో చూపిస్తే ఎవరికీ ఆ ఖాళీ తెలియదు. కనీసం 12×18 అంగుళాల ప్రింట్ వేయించండి, అదీ మ్యాట్ పేపర్ మీద. గ్లాసీ అయితే ట్యూబ్‌లైట్ వెలుగంతా ఆ తెల్లటి జాగాలోనే పడుతుంది. ఆటో కరెక్షన్ వద్దని ల్యాబ్‌వాళ్ళకి ముందే చెప్పండి. లేకపోతే మీరు కష్టపడి తెల్లగా తెచ్చిన ఉప్పును మళ్ళీ బూడిద చేసి చేతిలో పెడతారు.