పడగానే జాకెట్ చెవుల దాకా లేస్తోందా? వేక్‌బోర్డింగ్ లైఫ్ జాకెట్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పడవ వెనక తాడు పట్టుకుని, బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగే ఆట వేక్‌బోర్డింగ్. ఇందులో పడటం తప్పదు. పడవ గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో లాగుతుంటుంది, కాళ్లు రెండూ బోర్డుకు బిగించి ఉంటాయి. ఆ వేగంలో నీళ్లు మెత్తగా తగలవు. అందుకే ఈ ఆటలో లైఫ్ జాకెట్ రెండు పనులు చేయాలి. పడ్డ దెబ్బకు ఒంటిమీద నుంచి కదలకూడదు, ఆ తర్వాత తలను నీళ్లపైన నిలపాలి. పడవ షికారులో అందరికీ ఇచ్చే నారింజ రంగు జాకెట్ రెండో పని కోసం తయారైంది, మొదటిది దాని వల్ల కాదు. ఆన్‌లైన్‌లో సన్నగా, అందంగా కనిపించే ఇంపాక్ట్ వెస్టుల్లో (దెబ్బ తగ్గించడానికి చేసిన జాకెట్లలో) చాలావాటికి మొదటి పనే తెలుసు. పండక్కి ఊరొచ్చి సోమశిల రిజర్వాయరు వైపో, కండలేరు రిజర్వాయరు వైపో బోర్డు వేసుకుని వెళ్దామనుకునే పిల్లలు నాకు చెప్పే ఇబ్బందులు ఎక్కువగా ఈ తేడా తెలియక వచ్చినవే. అక్కడ నీళ్లలో దిగే అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. జాకెట్ సంగతి ఇక్కడ చెబుతాను.

సమస్య: నీళ్లలో పడగానే జాకెట్ గడ్డం దాకా, చెవుల దాకా లేస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే, ప్రమాదం కూడా దీనిలోనే ఎక్కువ. జాకెట్ తేలుతుంది, మనిషి అందులోంచి కిందికి జారిపోతాడు. మొహానికి జాకెట్ అడ్డంపడి ఊపిరి తీసుకోవడం, పక్కకు చూడటం కష్టమవుతుంది.

కారణం దాదాపు ఎప్పుడూ సైజే. ‘ఫ్రీ సైజ్’ అని అమ్మే జాకెట్ ఎవరికీ సరిగ్గా పట్టదు. పెద్దవాళ్లు ఛాతీ చుట్టుకొలత చూసుకుని కొనాలి, బరువు చూసి కాదు. టేపును ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టి కొలవండి. ఆ కొలత రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి. నైలాన్ జాకెట్లు తడిస్తే కాస్త వదులవుతాయి కాబట్టి, షాపులో బిగుతుగా అనిపించిందే నీళ్లలో సరిపోతుంది. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే నియోప్రీన్ (సాగే రబ్బరు లాంటి గుడ్డ) ఈ ఆటకు ఇంకా మంచిది. ధర ఎక్కువైనా నా ఓటు దానికే.

పరీక్ష తేలిక. జిప్ వేసి, బకిళ్లన్నీ కింది నుంచి పైకి బిగించండి. చేతులు రెండూ పైకెత్తండి. పక్కన ఉన్నవాళ్లను భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. అది గడ్డానికి తగిలిందంటే ఆ జాకెట్ మీది కాదు. తగలకపోతే ఛాతీలోతు నీళ్లలో దిగి, మోకాళ్లు మడిచి ఒకసారి తేలి చూడండి. పడవ బయలుదేరేది ఆ తర్వాతే. జిప్ ఒక్కటే ఉన్న జాకెట్ వద్దు. జిప్‌తో పాటు కనీసం రెండు బకిళ్లు ఉండాలి. బిగించాక మిగిలిన పట్టీ కొసలు లోపలికి దోపేయండి, లేకపోతే లాగే తాడుకు తగులుకుంటాయి. ఆడపిల్లలు చున్నీ ఒడ్డునే వదిలేయాలి.

పిల్లలకైతే బరువును బట్టి కొనాలి. స్కూలు యూనిఫాం కుట్టించినట్టు ‘రెండేళ్లు వస్తుందిలే’ అని పెద్దది కొనే అలవాటు మనకుంది. జాకెట్ విషయంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, తల వెనక కాలరు, పైకి లాగడానికి పిడి ఉండాలి. ఆ పట్టీ పెట్టకుండా నీళ్లలోకి దించొద్దు.

సమస్య: జాకెట్ ఒంటిమీదే ఉంది, అయినా ముక్కు నీళ్లలోనే ఉంటోంది

లోపలి లేబుల్ చూడండి. తేలించే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 10 న్యూటన్లంటే సుమారు కిలో. మన ఒంటిని దాదాపుగా నీళ్లే మోస్తాయి కాబట్టి, పెద్ద మనిషి తల పైన ఉండటానికి అదనంగా కావలసింది సాధారణంగా మూడు నుంచి ఐదు కిలోల ఆసరా. ఐఎస్ఓ 12402-5 అనే అంతర్జాతీయ ప్రమాణం పేరు రాసున్న పెద్దవాళ్ల జాకెట్ 50 న్యూటన్ల తరగతి. అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదించిన టైప్ 3 తరగతి జాకెట్‌లో తేలించే శక్తి కనీసం 15.5 పౌండ్లు, అంటే ఏడు కిలోలు. లేబుల్ మీద ఇలాంటిదేమీ లేదంటే మీ చేతిలో ఉన్నది ఒట్టి ఇంపాక్ట్ వెస్ట్ అనుకోండి. దెబ్బ తగ్గిస్తుందేమో గానీ, తేలుస్తుందని నమ్మలేం. ఎంత బాగున్నా దాన్ని మార్చాల్సిందే.

లేబుల్ బాగానే ఉన్నా కొందరికి ఇదే ఇబ్బంది వస్తుంది. ‘మైపాడు బీచ్‌లో బాగా తేలాను, సోమశిలలో మునిగినట్టుంది’ అంటారు. అది భ్రమ కాదు. సముద్రపు నీళ్లు మంచినీళ్లకంటే దాదాపు రెండున్నర శాతం బరువు. 70 కిలోల మనిషి పూర్తిగా నీళ్లలో ఉంటే ఉప్పునీళ్లు సుమారు కిలోన్నరకు పైగా ఎక్కువ ఆసరా ఇస్తాయి. జాకెట్ మొత్తం ఇచ్చేదే ఐదు కిలోలైనప్పుడు ఆ కిలోన్నర చిన్న విషయం కాదు. అందుకే రిజర్వాయరులో, చెరువులో ఆడేవాళ్లు జాకెట్‌ను మంచినీళ్లలోనే పరీక్షించుకోవాలి.

సమస్య: పడ్డాక మొహం నీళ్లవైపే ఉండిపోతోంది

ఇది జాకెట్ పాడవడం కాదు, దాని హద్దు. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పుతుందన్న హామీ 50 న్యూటన్ల జాకెట్ ఇవ్వదు. ఆ పని చేసేవి 100, 150 న్యూటన్లవి. అవి లావుగా ఉంటాయి, వాటితో బోర్డు మీద చేతులు ఆడవు. పైగా పాదాలు తేలే బోర్డుకు బిగించి ఉంటాయి కాబట్టి ఒళ్లు తిప్పుకోవడం ఇంకా కష్టం. దీనికి పరిష్కారం మనుషుల్లోనే ఉంది. పడవ నడిపేవాళ్లు ముందుకు చూడాలి, బోర్డు మీద ఉన్నవాళ్లనే చూస్తూ రెండో మనిషి పడవలో కూర్చోవాలి. తలకు హెల్మెట్ ఉండాలి. ఈత రానివాళ్లు ముందు ఈత నేర్చుకోవాలి.

పడవలో కూర్చున్నవాళ్లకూ జాకెట్ కావాలి, వాళ్లకు 100 న్యూటన్లదైతే మంచిది. ‘మేం నీళ్లలో దిగట్లేదుగా’ అన్న మాట ఒంగోలు ఇక మీదట అనకూడదు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వెళ్లినవాళ్లే.

సమస్య: చంకల్లో ఒరుసుకుంటోంది, చేతులు ఆడటం లేదు

చంక దగ్గర కోత ఇరుకుగా ఉంది, లేదా జాకెట్ పడవ షికారుది. చేతుల దగ్గర వెడల్పుగా కోసి, ఫోమ్‌ను ముక్కలుగా కుట్టినదైతే ఒంటితో పాటు వంగుతుంది. ఒకే పలకలా ఉన్న ఫోమ్ పడ్డప్పుడు పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. లోపల కాటన్ చొక్కా బదులు ఒంటికి అతుక్కునే, సాగే లైక్రా చొక్కా వేసుకుంటే ఒరిపిడి తగ్గుతుంది.

సమస్య: గాలి నింపుకునే జాకెట్ తేలిగ్గా ఉంది, వాడొచ్చా?

వద్దు. పడవలో ప్రశాంతంగా కూర్చునేవాళ్లకు అది పనికొస్తుంది. వేగంగా నీళ్లను ఢీకొట్టే ఆటకు ఫోమ్ జాకెట్ తప్ప మరోటి లేదు.

సమస్య: పాత జాకెట్ రంగు వెలిసింది, మునుపటిలా తేలట్లేదు

మన ఎండ, మన ఉప్పుగాలి రెండూ జాకెట్‌ను తినేస్తాయి. ఎండకు గుడ్డ, కుట్లు బలహీనపడతాయి. మీద కూర్చున్నా, సామాన్ల కింద నలిగినా ఫోమ్ అణిగిపోయి తేలించే శక్తి తగ్గుతుంది. చవక జాకెట్లలో లోపల థర్మాకోల్ పలకలుంటాయి, అవి విరిగి పొడవుతాయి. ఒత్తి చూస్తే చేతికే తెలుస్తుంది. కరకరమన్నా, గట్టిపడి మళ్లీ ఉబ్బకపోయినా పారేయండి.

అనుమానంగా ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. జాకెట్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో చిక్కిన గాలిని పిండేయండి. లోతైన నీళ్ల తొట్టిలో 5 కిలోల ఇనుప తూకం రాయిని దాని పట్టీకి కట్టి వదలండి. రాయి అడుగుకు తగలకూడదు. ఇనుము నీళ్లలో తన బరువులో ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది కాబట్టి, జాకెట్ మోయాల్సింది దాదాపు 4.4 కిలోలే. పెద్దవాళ్ల 50 న్యూటన్ల జాకెట్ దాన్ని మోస్తూ తేలాలి. మునిగిందంటే దాని పని అయిపోయినట్టే, ఇంకొకరికి ఇవ్వకండి. కత్తిరించి పారేయండి.

తేలినా బకిళ్లు, కుట్లు ఒక్కొక్కటీ లాగి చూడండి. రంగు కూడా చూసుకోండి. వానలకు పెన్నలో ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో బూడిద రంగు, నలుపు జాకెట్లు దూరానికి ఆనవు. పసుపు, నారింజ రంగులు తీసుకుని జిప్‌కు ఈల కట్టుకోండి. సముద్రంలో వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయండి. డిటర్జెంటు పెట్టొద్దు, డాబా మీద ఎండకు వేయొద్దు.