మిరపలో కలుపు మందు కొట్టే ముందు ట్యాంకు సంగతి చూడండి

మొన్న ఒకాయన కవర్లో నాలుగు మిరప కొమ్మలు తెచ్చాడు. చిగుళ్లు తాడు పేనినట్టు మెలి తిరిగి, ఆకులు రిబ్బన్లలా సన్నగా సాగి ఉన్నాయి. ముడత అనుకుని రెండుసార్లు పురుగు మందు కొట్టాడట. తామర పురుగుకైతే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లికైతే కిందికి. ఇది రెండూ కాదు. "అంతకుముందు ఈ స్ప్రేయర్‌తో ఏం కొట్టావు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "మొక్కజొన్నలో గడ్డి మందు" అన్నాడు. అందులో ఉన్నది 2,4-డి, మిరపలాంటి వెడల్పాకు మొక్కల్ని మెలితిప్పే కలుపు మందు.

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇలా వచ్చినవే. ట్యాంకు కడగలేదు, అంతే. మామూలు నీళ్లతో ఓసారి తొలిపితే 2,4-డి పోదు. గొట్టంలో, ఫిల్టర్‌లో, నాజిల్ సందుల్లో మిగిలిన కాస్త చాలు. అమ్మోనియా కలిపిన నీళ్లు నింపి, కొంత నాజిల్ గుండా వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున మంచి నీళ్లతో మూడుసార్లు కడగండి. అమ్మోనియాలో బ్లీచింగ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నన్నడిగితే కలుపు మందుకు వేరే స్ప్రేయర్ ఉంచుకోవడమే మేలు.

ఇక మందులు. నాటే ముందు తడి నేల మీద పెండిమిథాలిన్. ఇది మొలవబోయే కలుపును ఆపుతుంది, లేచిన కలుపును ఏమీ చేయదు. కొట్టాక పై మట్టి కదిలిస్తే దండగ. నాటాక గడ్డి జాతి వస్తే, అది రెండు నాలుగు ఆకుల మీదున్నప్పుడే క్విజాలోఫాప్ ఇథైల్. వెడల్పాకు కలుపు, తుంగ దీనికి చావవు. వాటికి గుంటక, కూలీలే.

టమాటాకు వాడే మెట్రిబుజిన్ మిరపకు వద్దు, మాడిపోతుంది. ముందు పంటలో అట్రజిన్ అనే కలుపు మందు వాడారా? నెలల తరబడి నేలలో ఉంటుంది, నాటే ముందే గుర్తు చేసుకోండి. గాలి ఉంటే ఆపండి. పక్క చేలో 2,4-డిలో ఈస్టర్ రకం కొడుతుంటే వెళ్లి ఆపించండి, ఎండకు ఆవిరై కూడా మీ చేలోకి వస్తుంది. గ్లైఫోసేట్ తగిలిన పచ్చ మొక్కనల్లా చంపుతుంది, సాళ్ల మధ్య కొట్టే ధైర్యం చేయొద్దు. పారాక్వాట్ అనే కలుపు మందు జోలికి పోవద్దు, మింగితే విరుగుడు లేదు. నాజిల్ నోటితో ఊదొద్దు. మిగిలిన మందు నీళ్ల సీసాలో పోయొద్దు. డబ్బా మీద మిరప పేరు లేకపోతే షాపతను ఎంత చెప్పినా కొనొద్దు. అరువు స్ప్రేయర్ అసలే వద్దు. తప్పకపోతే కడిగి, అందులో ఉత్త నీళ్లు పోసి, చేను చివర పది మొక్కల మీద కొట్టి వారం ఆగండి.