బారువ తీరం: చిల్కా ఓడ మునిగిన చోటికి వెళ్లేవారికి

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం బారువ దగ్గర సముద్రం అడుగున చిల్కా అనే స్టీమరు శిథిలం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1917లో ఓడలో మంటలు రేగి ఇక్కడ మునిగిపోయింది. జపాన్ బాంబులకు ఇది మునిగిందనే కథ వినిపిస్తే నమ్మకండి. ఆ బాంబులు రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, విశాఖ, కాకినాడల మీద పడ్డాయి.

పాసింజరు రైలైతే బారువ స్టేషన్లోనే దిగొచ్చు. లేదంటే సోంపేటలో దిగి ఆటో పట్టుకోండి. తిరుగు ఆటో సంగతి దిగేటప్పుడే మాట్లాడుకుంటే చీకటి పడ్డాక ఇబ్బంది ఉండదు.

జనవరి నుంచి మార్చి దాకా రావడం మంచిది. వానాకాలంలో ఇక్కడ సముద్రంలో కలిసే మహేంద్రతనయ నది బురదనీళ్లు కలిసి సముద్రం మసకబారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరికలు చూడకుండా బయలుదేరొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్ని ఎలా పడగొట్టిందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

పోటు (నీరు పెరగడం), పాటు (నీరు తగ్గడం) వేళలు ముందే తెలుసుకోండి. ఈరోజు ఉదయం ఆరింటికి నీరు బాగా తగ్గితే, రేపు అదే స్థితి రావడానికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. నడకకు అది బాగుంటుంది కానీ, ఆ రోజుల్లోనే లాగుడూ ఎక్కువ. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ వైపు అసలు దిగొద్దు. పాటు వేళ ఏటినీరూ సముద్రమూ కలిసి బయటికి లాగుతాయి, పైగా కాలికింద ఇసుక నిలవదు.

మిగతా తీరంలోనూ దిగేముందు పది నిమిషాలు అలల్ని చూడండి. రెండు పక్కలా తెల్లటి నురగ విరుగుతూ, మధ్యలో ఒక్కచోట అల విరగకుండా నీరు నల్లగా, నిమ్మళంగా కనిపిస్తుందా? కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఒడ్డెక్కిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి, అలిసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగేచోటు చేరాక బయటికి రండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు.

శిథిలాన్ని దగ్గరగా చూడాలంటే శిక్షకుడితో స్కూబా డైవింగ్ ఒక్కటే దారి. ముందురోజే మాట్లాడి, అలలూ నీటి తేటదనమూ ఎలా ఉన్నాయో అడగండి. బాగాలేవంటే మానుకోండి. తుప్పుపట్టిన రేకు అంచులు చెయ్యి కోసేస్తాయి. ఇలాంటి శిథిలాలకు తెగిన వలలు చిక్కుకుని ఉండొచ్చు, ఇనుము సందుల్లోకి దూరకండి. ముక్కలు ఊడదీసి తేవద్దు. పడవెక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలవేట నిషేధం, కాబట్టి అప్పుడు మరబోట్లు దొరుకుతాయనుకోవద్దు.

శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి టార్చి, ఫ్లాష్ వాడకండి, ఇసుక మీద బండ్లు నడపకండి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి, మన దీపం చూసి సముద్రం బదులు ఊరివైపు మళ్లి చనిపోతాయి.