సర్వర్ సైటుని మొబైల్ యాప్ చేయడం ఎలా? అందరూ బోల్తా పడేది లాగిన్ దగ్గరే

"సైటుంది కదన్నా, దాన్నే యాప్ చేసియ్" అని అడగని షాపు ఓనరు కర్నూల్లో గానీ ఆదోనిలో గానీ నాకు ఇంతవరకు తగల్లేదు. అడిగేవాళ్ళది తప్పు కాదు, తప్పంతా చేసేవాళ్ళది. ఒక వెబ్‌వ్యూ (యాప్ లోపల వెబ్ పేజీ చూపించే కిటికీ) పెట్టి, అందులో సైటు అడ్రస్ కొట్టి, పైన ఐకాన్ తగిలించి, ఇదిగో యాప్ అని డబ్బులు తీసుకోని పోతారు. నెట్ పోతే తెల్ల స్క్రీను, బ్యాక్ నొక్కితే యాపే మూసుకుపోతాది, ఎప్పుడు పడితే అప్పుడు మళ్ళీ లాగిన్ అడుగుతాది. దీన్ని యాప్ అంటే ఎట్లప్పా, అడ్రస్ బార్ పీకేసిన బ్రౌజరు అది.

నేను చెప్పేది సర్వర్‌లోనే పేజీ మొత్తం తయారై వచ్చే సైట్ల గురించి. మామూలు పీహెచ్‌పీ, లారావెల్, జాంగో, ఏదైనా కథ ఒకటే. ఉదాహరణకి ఆదోని పత్తి యార్డులో ఒక కమీషన్ షాపు లెక్కల సైటు అనుకుందాం. లాట్లు ఎక్కించడం, కాటా తూకం, హమాలీ కోత, రైతుకిచ్చే పట్టీ (అమ్మకం లెక్క చీటీ), అంతే.

స్టెప్ 1: సామాన్లు

నోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో, కెపాసిటర్ (వెబ్ ఫైళ్ళని ఫోన్ యాప్‌గా కట్టే టూలు). ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉండాల, 8 జీబీతో ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ఫోను) నడిపేదానికంటే అసలు ఫోనే కేబుల్‌తో తగిలించుకోండి. ఐఫోన్ యాప్ కూడా కావాలంటే మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పవు, దానికి అడ్డదారి వెతుకుతా కూచోవద్దండి.

ఇదే పని చేసే కార్డోవా ఎందుకు వద్దు అంటే, అది పాతది. ఫోన్‌గ్యాప్ పేరుతో మొదలైంది, 2011లో అడోబీ దాన్ని చేసిన కంపెనీని కొనేసి కోడ్‌ని అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చింది, 2020లో ఫోన్‌గ్యాప్‌నే ఆపేసింది. కార్డోవా ఇంకా బతికే ఉంది, కాకపోతే దాని ప్లగిన్లలో చాలావాటిని పట్టించుకునే దిక్కు లేదు. కెపాసిటర్ అయానిక్ వాళ్ళది, ఆండ్రాయిడ్ ప్రాజెక్ట్ మన చేతిలోనే ఉంటాది, కావాలంటే లోపలికి పోయి మార్చుకోవచ్చు. ఫ్లట్టర్‌లో (యాప్‌లు కొత్తగా రాసే ఇంకో టూలు) మొత్తం మళ్ళీ రాద్దాం అనే తమ్ముళ్ళకి ఒకటే మాట: షాపాయన ఇచ్చే డబ్బుకి రెండు కోడ్‌లు ఎవరు మేపుతారు? సైటులో ఉన్న హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్ సగానికి సగం ఇట్లే వాడుకోవచ్చు, దాన్ని పారేయడం తిక్కపని.

స్టెప్ 2: ఏ పేజీలు యాప్‌లోకి రావాల

అన్నీ వద్దు. యార్డులో నిలబడి వాడేవి మాత్రమే: లాట్ ఎక్కించడం, తూకం కొట్టడం, పట్టీ చూపించడం, ఇవాళ్టి మొత్తం. సంవత్సరం రిపోర్టులు, జీఎస్‌టీ లెక్కలు, యూజర్లని చేర్చే పేజీలు సైటులోనే గమ్మునుండనీయండి, వాటిని ఆఫీసులో కంప్యూటర్ ముందర కూచునే చూస్తారు. నా రూల్ అయితే నాలుగైదు స్క్రీన్లు దాటకూడదు.

స్టెప్ 3: పేజీ నుంచి డేటాని విడదీయడం

ఇప్పుడు మీ పీహెచ్‌పీ ఫైలు డేటాబేస్‌లో లాట్లు తెచ్చి, అక్కడికక్కడే టేబుల్ గీసి పంపిస్తుంటాది. ఆ తెచ్చే ముక్కని ఒక ఫంక్షన్‌గా బయటికి తీయండి. సైటు పేజీ ఆ ఫంక్షన్‌ని పిలిచి హెచ్‌టీఎమ్ఎల్ గీస్తాది, ఏపీఐ (యాప్ డేటా అడిగే సర్వర్ అడ్రస్) అదే ఫంక్షన్‌ని పిలిచి జేసన్ (గీతలు, రంగులు లేని ఉత్త డేటా) ఇస్తాది. యాప్ కోసమని క్వెరీ ఇంకోసారి కాపీ కొట్టి వేరే ఫైల్లో పెట్టారంటే, హమాలీ రేటు మారిన రోజు సైటులో ఒక పట్టీ, యాప్‌లో ఇంకో పట్టీ వస్తాది, రైతు రెండూ చూపించి అడుగుతాడు, అప్పుడు మీ ఇష్టం. లెక్కలన్నీ సర్వర్‌లోనే జరగాల, ఫోన్‌లో క్వింటా గుణించడాలు, కోతలు తీసేయడాలు పెట్టుకోవద్దండి.

ఫోన్ వైపు స్క్రీన్లకి రియాక్ట్ అక్కర్లేదు, మామూలు జావాస్క్రిప్ట్ చాలు. ఆ ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ పేరు కెపాసిటర్ కాన్ఫిగ్‌లో చెప్పి, ఆండ్రాయిడ్‌ని యాడ్ చేసి, సింక్ కొట్టండి. అదే కాన్ఫిగ్‌లో సర్వర్ యూఆర్ఎల్ అని ఒకటుంటాది, అందులో మీ సైటు అడ్రస్ పెడితే సైటు మొత్తం యాప్‌లో తెరుచుకుంటాది. ముట్టుకోవద్దు. అది డెవలప్‌మెంట్ టైములో మార్పులు వెంటనే చూసుకునేదానికి పెట్టింది, పైన నేను తిట్టిన వెబ్‌వ్యూ కథకి అదే మొదలు.

స్టెప్ 4: లాగిన్ (ఇది నిదానంగా చదవండి)

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే.

సైటులో లాగిన్ ఎట్ల నడుస్తాది? సర్వర్ ఒక సెషన్ (ఎవరు లాగిన్ అయినారో గుర్తుపెట్టుకునే రికార్డు) మొదలుపెట్టి కుకీ (దాని గుర్తు చీటీ) ఇస్తాది, బ్రౌజరు ప్రతిసారీ ఆ కుకీని తనంతట తానే తీసుకుపోతాది. యాప్‌లో మీ పేజీలు ఉండేది ఫోన్‌లో. ఆండ్రాయిడ్‌లో కెపాసిటర్ పేజీ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ లోకల్‌హోస్ట్, ఐఫోన్‌లో అయితే కెపాసిటర్ అనే స్కీమ్‌తో లోకల్‌హోస్ట్. మీ సర్వర్ ఉండేదేమో ఇంకో డొమైన్‌లో. అంటే వెబ్‌వ్యూ లెక్కలో ఇవి రెండు వేరే వేరే సైట్లు. 2020లో క్రోమ్ 80 నుంచి సేమ్‌సైట్ (కుకీ వేరే సైటు నుంచి పోవచ్చా లేదా అనే సెట్టింగ్) అని చెప్పని కుకీలన్నిటినీ ల్యాక్స్ కింద లెక్కేస్తున్నారు, అట్లాంటి కుకీ వేరే సైటు నుంచి పోయే ఫెచ్‌లో (పేజీ స్క్రిప్ట్ పంపే రిక్వెస్ట్) పోదు. అందుకే లాగిన్ సక్సెస్ అంటాది, తర్వాత రిక్వెస్ట్‌కే మీరెవరు అంటాది.

అప్పుడు అందరూ చేసే పని, ఇంటర్నెట్‌లో వెతికి సేమ్‌సైట్ నన్, సెక్యూర్ అని పెట్టేస్తారు. ఆండ్రాయిడ్‌లో పనిచేస్తాది, పండగ చేసుకుంటారు. తర్వాత ఐఫోన్‌లో పెడితే అక్కడ యాపిల్ వెబ్‌వ్యూ థర్డ్ పార్టీ కుకీలని ఆపేస్తాది, మళ్ళీ మొదటికి. కాబట్టి కుకీ మీద ఆశ వదులుకోండి. యాప్‌కి టోకెన్, సైటుకి సెషన్. రెండూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాని జోలికి ఇంకోటి పోదు.

టోకెన్ ఎట్లంటే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిపోయినాక సర్వర్‌లో 32 బైట్ల ర్యాండమ్ తీసి హెక్స్ చేసి యాప్‌కి ఇవ్వండి. పీహెచ్‌పీలో దీనికి ర్యాండమ్ బైట్స్ అనే ఫంక్షన్ ఉంది, దాన్నే వాడాల, టైము కలిపి ఎమ్‌డీ5 కొట్టే పాత తెలివితేటలు వద్దు. డేటాబేస్‌లో మాత్రం అసలు టోకెన్ పెట్టొద్దు, దాని షా256 హ్యాష్ (వెనక్కి తిప్పలేని ముద్ర) పెట్టండి, పక్కన యూజర్ ఐడీ, ఏ ఫోను, ఎప్పుడు చివరగా వాడినారు, ఎప్పటివరకు చెల్లుతాది. గుమాస్తా ఫోను పోగొట్టుకుంటే ఆ ఒక్క వరస డిలీట్ చేస్తే సరి, మిగతా ఫోన్లు నడుస్తానే ఉంటాయి. జేడబ్ల్యూటీ (సర్వర్ సంతకం చేసి ఇచ్చే టోకెన్) వాడమని చాలామంది చెబుతారు, నేను వద్దంటాను, దాన్ని గడువు తీరకముందే రద్దు చేయాలంటే మళ్ళీ డేటాబేస్‌లో ఒక లిస్టు పెట్టుకోవాల, ఆ లిస్టేదో ముందే పెట్టుకుంటే పాయె. లారావెల్ వాళ్ళకి శాంక్టమ్ అనే ప్యాకేజీలో ఈ పనంతా రెడీగా ఉంటాది, అందులో కూడా కుకీ పద్ధతి కాకుండా ఏపీఐ టోకెన్ పద్ధతి తీసుకోండి.

ఇక పాత కోడ్ సంగతి. సెషన్‌లోని యూజర్ ఐడీని ప్రతి ఫైల్లోనూ నేరుగా చదువుతుంటారు కదా, అవన్నీ తీసేసి "ఇప్పుడున్న యూజర్ ఎవరు" అని చెప్పే ఒకే ఫంక్షన్ పెట్టండి. ఆథరైజేషన్ హెడర్‌లో (రిక్వెస్ట్ పైన అంటించే చీటీ) టోకెన్ వచ్చిందా, దాంతో చూడు. రాలేదా, సెషన్ చూడు. ఇది చేయకుండా ముందుకి పోతే ఏదో ఒక మూల పాత ఫైలు సెషన్ కోసం వెతికి, యూజర్ జీరో పేరు మీద లాట్ ఎక్కిస్తాది.

సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైటు మీ పేరు మీద రిక్వెస్ట్ పంపే దాడి) చెక్ దగ్గర ఇంకా జాగ్రత్త. సైటు ఫారాల్లో సర్వర్ ఒక దాచిన టోకెన్ పెట్టి పంపిస్తాది, యాప్‌లో ఆ ఫారం లేదు కాబట్టి 419 అనో 403 అనో ఎర్రర్ వస్తాది. వెంటనే ఏపీఐ అడ్రస్‌లన్నిటికీ ఆ చెక్ తీసేస్తారు. తీసేయొచ్చు, కానీ ఆ అడ్రస్‌లు సెషన్ కుకీని కూడా ఒప్పుకుంటుంటే మీరు తలుపు తెరిచిపెట్టినట్టే. బ్రౌజర్లో లాగిన్ అయి ఉన్న ఓనరు ఇంకేదో పనికిమాలిన సైటు తెరిస్తే, అది ఆయన పేరు మీద మీ సర్వర్‌కి రిక్వెస్ట్ పంపించేదానికి దారి దొరుకుతాది. కాబట్టి రూల్ ఇది: ఆ యూజర్‌ని హెడర్‌లో టోకెన్ చూసి గుర్తుపట్టి ఉంటేనే చెక్ వదిలేయాల. హెడర్ అనేది బ్రౌజరు తనంతట తాను తగిలించేది కాదు, అందుకే అక్కడ ఆ దాడి కుదరదు. అడ్రస్‌లో ఏపీఐ అని ఉంది కదా అని వదిలేయొద్దు.

తర్వాత కార్స్ (వేరే సైటు నుంచి వచ్చే పేజీకి సర్వర్ ఇచ్చే అనుమతి). హెడర్ పెట్టి ఫెచ్ చేసినప్పుడు వెబ్‌వ్యూ ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపిస్తాది, హమాలీ బస్తా దించకముందు "సేటూ, ఇక్కడ దించొచ్చా" అని అడిగినట్టు. అందులో టోకెన్ ఉండదు. మీ లాగిన్ చెక్ అన్నిటికంటే ముందుంటే ఆ అడిగినదానికే 401 (లాగిన్ లేదు అనే ఎర్రర్) కొడుతుంది, అసలు రిక్వెస్ట్ రానే రాదు, మీరేమో టోకెన్ తప్పేమో అని రాత్రంతా వెతుకుతారు. ఆప్షన్స్‌కి జవాబు లాగిన్ చెక్ కంటే ముందే పోవాల. అందులో అనుమతించే ఒరిజిన్లు (పేజీ వచ్చిన చోటు అడ్రస్‌లు) పైన చెప్పిన రెండు లోకల్‌హోస్ట్‌లు, అనుమతించే హెడర్లలో ఆథరైజేషన్, కంటెంట్ టైప్. జాంగో అయితే కార్స్ హెడర్స్ ప్యాకేజీ ఉంది, దాని మిడిల్‌వేర్‌ని లిస్టులో పైన పెట్టమని ఊరికే చెప్పలేదు వాళ్ళు. కెపాసిటర్‌లో నేటివ్ హెచ్‌టీటీపీ (రిక్వెస్ట్‌లు వెబ్‌వ్యూ కాకుండా ఫోనే పంపే పద్ధతి) ఆన్ చేస్తే కార్స్ గొడవే ఉండదని కొందరంటారు, నిజమే, కానీ అప్పుడు మీ కోడ్ ల్యాప్‌టాప్ బ్రౌజర్లో ఒకలాగా, ఫోన్‌లో ఇంకోలాగా నడుస్తాది. నాకది నచ్చదు.

ఇన్ని చేసినా సర్వర్‌కి టోకెన్ రావట్లేదంటే అపాచీ వెబ్ సర్వర్‌ని అనుమానించండి. పీహెచ్‌పీని సీజీఐ లేదా ఎఫ్‌పీఎమ్ పద్ధతిలో నడిపే చోట, ముఖ్యంగా చవక షేర్డ్ హోస్టింగ్‌లో, అపాచీ ఆథరైజేషన్ హెడర్‌ని పీహెచ్‌పీ దాకా రానివ్వదు. సీజీఐ పాస్ ఆత్ అనే సెట్టింగ్‌ని హెచ్‌టీయాక్సెస్‌లో ఆన్ చేయాల, అపాచీ 2.4.13 నుంచి ఉందది. అది ఒప్పుకోని హోస్టింగ్ అయితే రీరైట్ రూల్‌తో హెడర్‌ని ఎన్విరాన్‌మెంట్‌లోకి ఎక్కించుకోవాల.

ఇంకొకటి, లాగిన్ లేకపోతే మీ పాత కోడ్ ఏం చేస్తాది? లాగిన్ పేజీకి రీడైరెక్ట్. యాప్‌లో ఫెచ్ ఆ రీడైరెక్ట్ వెంట నోరు మూసుకోని పోయి, లాగిన్ పేజీ హెచ్‌టీఎమ్ఎల్ తెచ్చుకోని, 200 ఓకే అంటాది, జేసన్ చదవబోయి మొదటి అక్షరం దగ్గరే పడిపోతాది. ఏపీఐలో రీడైరెక్ట్ అనేదే ఉండకూడదు. లాగిన్ లేదా, 401 కొట్టు, అంతే. యాప్ 401 చూసి టోకెన్ తుడిచేసి లాగిన్ స్క్రీన్ చూపించాల.

టోకెన్‌ని ఫోన్‌లో లోకల్ స్టోరేజ్‌లో పెట్టొద్దు. స్పేస్ తక్కువైనప్పుడు సిస్టమ్ దాన్ని తుడిచేసే అవకాశం ఉంది, పైగా ఏ స్క్రిప్ట్ అయినా చదివేస్తాది. ఆండ్రాయిడ్ కీస్టోర్, ఐఫోన్ కీచైన్ వాడే సెక్యూర్ స్టోరేజ్ ప్లగిన్ పెట్టుకోండి. సైటులో గూగుల్ లాగిన్ ఉంటే అది వెబ్‌వ్యూ లోపల నడవదు, గూగులే అడ్డుకుంటాది, దానికి ఫోన్ అసలు బ్రౌజర్ తెరిచే ప్లగిన్ కావాల.

ఇదంతా అయినాక ఒక టెస్ట్: యాప్‌లో లాగిన్ అయి, డేటాబేస్‌లో ఆ టోకెన్ వరస డిలీట్ చేసి, యాప్‌లో ఏదైనా నొక్కండి. లాగిన్ స్క్రీన్ శుభ్రంగా వస్తే స్టెప్ 4 అయినట్టు. తెల్ల స్క్రీన్ వచ్చిందా, పైనుంచి మళ్ళీ చదవండి.

స్టెప్ 5: మిగిలిన చిల్లర పనులు

ఎమ్యులేటర్ నుంచి మీ ల్యాప్‌టాప్ సర్వర్‌ని పిలవాలంటే లోకల్‌హోస్ట్ కాదు, 10.0.2.2. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీ డిఫాల్ట్‌గా బంద్, సర్వర్‌కి సర్టిఫికెట్ పెట్టుకోండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితమే. ఫోన్ లోపల ఏం జరుగుతుందో చూడాలంటే కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరవండి. బ్యాక్ బటన్‌ని యాప్ ప్లగిన్‌తో పట్టుకోవాల. సైటులో ప్రింట్ బటన్ ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో పనిచేయదు, పట్టీని సర్వర్‌లో పీడీఎఫ్ చేసి షేర్ ప్లగిన్‌తో పంపించండి, రైతుకి ఎట్లా వాట్సాప్‌లోనే కావాల.

నెట్ విషయం మాత్రం కొంచెం ఆలోచించండి. యార్డులో జనం ఎక్కువైన రోజు సిగ్నల్ వస్తాపోతా ఉంటాది. గుమాస్తా సేవ్ నొక్కుతాడు, జవాబు రాదు, మళ్ళీ నొక్కుతాడు, ఒకే లాట్ రెండుసార్లు ఎక్కుతాది. దీనికి మందు, లాట్ కొట్టేటప్పుడే ఫోన్‌లో ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని ఐడీ) తయారుచేసి దాంతో పాటు పంపడం, డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ పెట్టడం. రెండోసారి వస్తే సర్వర్ కొత్తది ఎక్కించకుండా పాతదాన్నే తిరిగి ఇస్తాది. బటన్‌ని కాసేపు డిసేబుల్ చేస్తే చాలదా అంటారు, చాలదు.

స్టెప్ 6: స్టోర్‌లో పెట్టడం

ప్లే స్టోర్‌కి ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏటా 99. ప్లేలో 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) ఫైలే తీసుకుంటారు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్ అయితే ముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ నడపాల, కాబట్టి "రేపే కావాల" అనే కస్టమర్‌కి ఇది ముందే చెప్పండి, లేకపోతే మీకే తిట్లు. యాపిల్ అయితే సైటుని చుట్టి తెచ్చిన యాప్‌లని 4.2 రూల్ చూపించి వెనక్కి పంపిస్తాది. సైన్ చేసిన కీ ఫైలు, దాని పాస్‌వర్డ్ ఒక కాపీ షాపాయన దగ్గర పెట్టండి.

స్టోర్‌లోకి పోయినాక ఒకటి మారుతాది. సైటులో ఇవాళ మార్చింది ఇవాళే అందరికీ కనిపిస్తాది, యాప్ మాత్రం అప్‌డేట్ చేయని ఫోన్లలో నెలల తరబడి పాతదే ఉంటాది. అందుకని ఏపీఐ అడ్రస్‌లో మొదటిరోజే వీ1 అని పెట్టండి. కొత్త ఫీల్డు చేర్చొచ్చు, ఉన్నదాని పేరు మార్చొద్దు, తీసేయొద్దు. తప్పనిసరి అయితే వీ2 తెరిచి, వీ1 అడ్రస్‌కి ఇంకా ఏ టోకెన్లు వస్తున్నాయో, అవి ఎవరివో ఆ టోకెన్ టేబుల్లో చూసి, వాళ్ళకి ఫోన్ చేసి అప్‌డేట్ చేయించి, ఆ తర్వాతే మూసేయండి.