గప్పీల కంటే ముందు నీళ్లను పెంచాలి

మావాడి పోరు పడలేక 30 లీటర్ల తొట్టి, ఎనిమిది గప్పీ చేపలు ఒకే రోజు కొన్నాను. వారంలో ఐదు పోయాయి. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేనేమో సాయంత్రానికే గృహప్రవేశం చేయించాను!

రెండోసారి చేపల్లేకుండానే ఫిల్టరు ఆడిస్తూ, రోజూ చిటికెడు మేత వేస్తూ వచ్చాను. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి బాక్టీరియా తయారుచేసే మరో విషం నైట్రైట్ రెండూ సున్నాకి దిగాకే ఐదు చేపల్ని వదిలాను. అన్నీ మగవే. ఆడవాటిని కూడా తెస్తే నెలనెలా పురుళ్లు పోయలేక చస్తాం.

గిన్నెల మీద తెల్ల చారలు కట్టే మా బోరు నీళ్లే వీటికి హాయి, ఆర్వో నీళ్లు వద్దు. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. వారానికోసారి పావు వంతు మారుస్తాను. స్పాంజిని మాత్రం తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండు పిండులు పిండుతాను, తెల్లగా ఉతికితే బాక్టీరియా పోయి కథ మళ్లీ మొదటికొస్తుంది.

మేత రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే. తోక ముడుచుకుని ఒకేచోట ఊగుతుంటే మందుల షాపుకి పరిగెత్తకండి, ముందు నీళ్లు పరీక్షించండి.